గడప బయటి మాట

మా తాత ఓదెలు
మొగుళ్లపల్లి నుంచి చుట్టూ పదకొండు ఊర్లకు
సావు కబురు మోసేటోడు.
కాళ్లకు చెప్పుల్లేవు, చేతిల కట్టె ఒకటి.
చలివాగు నిండుగ పారే రోజుల్ల
ధోతి తలకు చుట్టుకొని దాటేటోడట.

ఇంట్లకు పోవద్దు. గడప ముట్టొద్దు.
వాకిట్ల నిలబడి దగ్గేటోడు.
ఆ దగ్గు గుర్తువట్టి
లోపట ఎవరో ఇసుర్రాయి ఆపేటోళ్లు.
మాట ఒక్కటే లోపలికి పోయేది.
నడింట్ల ఏడుపు లేచేసరికి
ఆయన కొంగుల మానికెడు జొన్నలతో
ఊరు దాటేటోడు.

హన్మకొండల మూడో అంతస్తుల
ఏసీ సగమే పన్జేసే గదిల
తొమ్మిదేండ్లుగ నేను చూస్తున్నది
కణం పొర మీది గ్రాహకాన్ని.
తల బయట, కాళ్లు లోపట.
చచ్చిన కణం నుంచి రాలిన అణువు
వచ్చి దాని తలను తాకుతది. అంతే.
లోపలికి రాదు.
లోపట ఒకటి ఇంకోదాన్ని తట్టి లేపుకుంట
కేంద్రకం దాక పోతది వార్త.
బోర్డు మీద ఈ బొమ్మ గీసినప్పుడల్ల
పొర గీత దగ్గర చాక్‌పీసు విరుగుతది.
అంత గట్టిగ ఎందుకు ఒత్తుతనో
పిల్లలకు ఇంతవరకు చెప్పలే.

కొన్ని కణాలు చచ్చేముందు
అంగీ ఉల్టా తొడుక్కున్నట్టు
పొర లోపలి వైపును బయటికి తిప్పుకుంటయ్.
మింగే కణం వస్తది, మింగిపోతది.
పక్కింటికి తెల్వదు.
రంగేస్తే ఆకుపచ్చగ మెరుస్తయ్ గంతే.

కొన్ని పగులుతయ్.
దాచుకున్నదంతా వీధిల పడ్తది.
ఎర్ర రంగు లోపటిదాక సొచ్చుకపోతది.
వాడకట్టు మొత్తం లేస్తది,
వాపు, జరం, మంట,
ఒక్కోసారి ఊరే కాలిపోతది.

ఎంత గట్టిగ చెప్పాలె?
అది తాతకు తెలుసు.
ముసలోళ్లు పోతే పేరు పెట్టి చెప్పేటోడు.
పడుచు పిల్ల పోతే మటుకు
"జర పాణం బాగలేదట, రమ్మన్నరు" అని
నేల చూసేటోడు.
మిగిలిన సగం
వాళ్లే తొవ్వల నడుచుకుంట తెలుసుకునేటోళ్లు.
మోతాదు అన్న మాట ఏ పుస్తకంల చదివినా
నాకు ఆ తొవ్వే యాదికొస్తది.

మైనస్ ఎనభై ఫ్రీజర్ల ఒక దవడ కణితి ముక్క.
పేరుండదు, నంబరు నలభై ఏడు.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి ముచ్చికెలు తీసేదని
డాక్టరు నోరు జారిండు.
ఆమె కణాలు పెంచి మందేస్తే చస్తయ్.
ఎంత మెల్లగ చస్తయంటే
ఒక్క టి-కణం కూడ తల తిప్పదు.
కణితిని చంపుడు కష్టం గాదు,
దాని సావు ఊరికి ఎరుకయ్యేటట్టు
చంపుడు కష్టం.

తాత పోయిన పొద్దు
నేను కణాలు లెక్కవెడుతున్న.
చేతులకు తొడుగులు.
సెల్లు డ్రాయర్ల, సైలెంట్ల.
పద్నాలుగు మిస్డ్ కాల్సు.
కబురొచ్చి వాకిట్ల నిలబడ్డది,
దగ్గింది, దగ్గింది,
లోపట ఎవరూ ఇసుర్రాయి ఆపలే.
సూక్ష్మదర్శిని కింద ఆ గంటల
రెండు వందల పన్నెండు చావులు రాసుకున్న,
పెన్సిలుతోని, నాలుగు గీతలకు ఒక అడ్డగీత.

గిప్పుడు రాత్రి రెండైతుంది.
సుబేదారిల కరెంటు పోయి వచ్చింది.
నలభై ఏడో నంబరు ప్లేటుల
మందు మార్చి వేసిన మూడో గుంటల
ఒక టి-కణం ఉబ్బినట్టుంది, జర పక్కకు కదిలినట్టుంది.
కరెంటు వణుకు కూడ కావచ్చు.
నమ్మ.
పొద్దుగాల మళ్లొకసారి చేస్త,
అటెనుక ఇంకో రెండుసార్లు.

ప్లేటు తీసుకపోయి
ఇంక్యుబేటర్ తలుపు తెరిచేముందు
ఎందుకో,
బయట్నే నిలబడి
ఒకసారి దగ్గిన.